‘గేటు’ అన్నదెవరు?

ఆదివారం పొద్దున మబ్బు కిందికి దిగి ఊరి ధాన్యం గోదాముల నెత్తిన కూర్చుంది. అది వాన మబ్బూ కాదు, మంచు మబ్బూ కాదు. ఏడింటి దాకా నాలుగు చినుకులు వేసి, పిడికెడు మంచు పలుకులు విసిరి, ఏదీ తేల్చుకోలేక ఊరుకుంది. ఉత్తరం నుంచి వచ్చిన అడవి బాతులు కూడా ట్వైట్ వాళ్ళ మొక్కజొన్న చేను మీద రెండు చుట్లు తిరిగి, దిగకుండానే వెళ్ళిపోయాయి.

చర్చి నుంచి వచ్చి, వంటింటి కిటికీలోంచి ఆ మబ్బుని చూస్తూ ఆర్లిస్ ట్వైట్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. చెక్కుతో పాటు సగం దుంప కూడా పోతోంది. పోతోందని ఆమెకి తెలుసు. అయినా కత్తి ఆగలేదు.

"ఆ దుంపలు నిన్నేమన్నాయమ్మాయ్?" అంది అత్తగారు థోరా, పొయ్యి పక్క కుర్చీలోంచి.

"అవీ ఏమీ అనడం లేదత్తయ్యా. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు. అదే నా బాధ."

"వెర్లిన్ వాళ్ళ నాన్నా ఇంతే. మా పెళ్ళినాడు పాస్టరు గారు అడిగితే ‘సరే’ అన్నాడు. మళ్ళీ పెద్దాడు పుట్టిన రోజున నోరు విప్పాడు."

ఎనభై మూడేళ్ళావిడ మాటకి మామూలు రోజైతే ఆర్లిస్ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు.

నిన్న మధ్యాహ్నం కాలేజీ మైదానంలో, బంతి చేతపట్టి తోసుకుంటూ ఆడే ఆ ఫుట్‌బాల్ ఆట అయిపోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఇద్దరు మగాళ్ళు మూగనోము పట్టారు. తండ్రి వెర్లిన్ తెల్లారకుండానే షెడ్డులోకి పోయి కోత యంత్రం కింద దూరాడు. ఆదివారం! చర్చికి కూడా రాలేదు. కొడుకు నెల్స్ మేడ మీద గదిలో తలుపేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ వాడు, తలుపు గుమ్మానికి పట్టని భుజాలవాడు, ఆరేళ్ళ పిల్లాడిలా అలిగి కూర్చున్నాడు. కాదు, అలిగినా బాగుండును. అలిగిన వాణ్ణి బతిమాలుకోవచ్చు.

ఫోను మోగింది. థోరా చెయ్యి చాచేలోపే ఆర్లిస్ అందుకుంది.

"ఆర్లిస్ గారా? నేను, టిల్లరీని." నెల్స్ ఆడే, వెర్లిన్ ముందు వరసకి నేర్పే కాలేజీ జట్టుకి కొత్త కోచ్. టెక్సస్ యాస, మాట మీద మాట. "నిన్న అలా జరిగింది కదా. ఇవాళ నేను భోజనానికి వస్తే మీకు ఇబ్బందేమో అని..."

ఇబ్బందే. కానీ ఆగస్టు నుంచీ ఆదివారం భోజనం వంతుల ప్రకారం నడుస్తోంది. టిల్లరీ పెళ్ళాం పిల్లలు టెక్సస్‌లోనే ఉన్నారు, పిల్లల బడి అయ్యాక వస్తారు. అందాకా ఒంటిగాడు వారానికి ఒక ఇంట తింటాడు. చర్చి గోడ మీది కాగితంలో అక్టోబరు ఆఖరి ఆదివారం ఎదురుగా ఆర్లిస్ తన చేత్తోనే పేరు రాసింది. రాసిన పేరు కొట్టేసిన మనిషి ఈ ఊళ్ళో ఇంతవరకు లేదు.

"ఇబ్బందేముంది కోచ్ గారూ. పన్నెండున్నరకి రండి."

ఫోను పెట్టేసి మాంసం పొయ్యిలోకి నెట్టింది. పొయ్యి తలుపు కాస్త గట్టిగానే పడింది.

*

షెడ్డులో కోత యంత్రం కింది నుంచి రెండు బూట్లు మాత్రం కనపడుతున్నాయి. ఆ బూట్లతో మాట్లాడడం ఆర్లిస్‌కి కొత్త కాదు.

"కోచ్ వస్తున్నాడు. పన్నెండున్నరకి."

బూట్లు కదల్లేదు.

"విన్నావా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"ఇరవై ఆరేళ్ళుగా నీ ఊఁలు వింటున్నాను. ఇది విన్నానని ఊఁ కాదు. భోజనానికి రానని ఊఁ."

కింద రెంచి ఒకసారి ఇనుముకి తగిలి ఊరుకుంది.

ఆర్లిస్ తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"నేను మూడో వరసలో కూర్చున్నాను వెర్లిన్. నీ వెనకాలే. నా చెవులకి ఇంకా ఏమీ కాలేదు. గేటు అన్నావు."

రెంచి కింద పెట్టిన చప్పుడు.

ఆ మాట నిన్న ఆ మైదానంలో మరెవరి చెవినన్నా పడిందో లేదో గాని, పడాల్సిన చెవిన పడింది. మూడు నిమిషాలు మిగిలాయి. మనవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు. బంతి తమ చేతిలోనే ఉండాలంటే ఇంకొక్క గజం దూరం కావాలి. టిల్లరీ బెంచి మీంచి ‘అమరిల్లో’ అని చెయ్యి ఊపాడు. ఆయన ఆటలన్నిటికీ టెక్సస్ ఊళ్ళ పేర్లు. అమరిల్లో అంటే ఎవరూ కదలకూడదు. వరసలో వంగి నిలబడి, ఊరికే గట్టిగా అంకెలు అరవాలి. ఎదుటివాళ్ళు తొందరపడి ముందుకు ఉరికితే తప్పు వాళ్ళదవుతుంది, గజం ఊరికే వస్తుంది. ఉరకకపోతే ఆట ఆపించి బంతిని దూరంగా తన్నెయ్యాలి. అంతే. వరస మధ్యలో బంతి మీద చెయ్యి వేసి వంగినవాడు నెల్స్. కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందించే సెంటర్.

అందించకూడని బంతిని అందించాడు. వెనకున్న కుర్రాడు బెంచి వైపు చూస్తున్నాడు. బంతి అతని భుజానికి కొట్టుకుని నేల మీద పడి దొర్లింది. ఎదుటి జట్టువాడొకడు ఎత్తుకుని చివరి గీత దాకా పరిగెత్తి ఆట గెలిపించుకున్నాడు. ఏడు ఆటల్లో ఐదో ఓటమి.

"గేటు అన్నావు," అంది ఆర్లిస్ మళ్ళీ. "అందరి ముందూ టిల్లరీ వాణ్ణి ఎందుకిచ్చావని అడిగితే ‘పొరపాటు నాదే సర్’ అన్నాడు వాడు. నువ్వు ఐదడుగుల దూరంలో నిలబడి బూట్లు చూసుకున్నావు. వచ్చే శనివారం వాణ్ణి కూర్చోబెట్టి మొదటి ఏడాది పిల్లాణ్ణి ఆడిస్తానన్నాడు ఆయన. అప్పుడూ బూట్లే చూసుకున్నావు."

వెర్లిన్ బయటికి జరిగి వచ్చాడు. చెంప మీద గ్రీజు. నేల మీదే కూర్చుని గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"వాళ్ళ ఎడమ పక్కవాడు మొహం తుడుచుకోడానికి చెయ్యి ఎత్తాడు," అన్నాడు చివరికి. "పక్కవాడు వాడి వైపు తిరిగాడు. మధ్యలో ట్రాక్టరు పట్టేంత సందు. ఆర్వల్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ళు, ఆ సందు కనపడితే ఆ మాటే. దొడ్డి గేటు తెరిచుంది, ఇచ్చెయ్, పో. అది నేను అనలేదు. దానంతటదే వచ్చింది."

నెలరోజుల్లో అతను ఇన్ని మాటలు ఒక్కసారి అనడం ఇదే. ఆర్లిస్‌కి జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"నాకెందుకు చెప్తున్నావయ్యా? చెప్పాల్సిన వాడికి చెప్పు."

"చెప్తే పని పోతుంది."

అదీ నిజమే. పాత కోచ్ ఆర్వల్ దిగిపోయాక ఆ కుర్చీ వెర్లిన్‌కే అని ఊరంతా అనుకుంది. కాలేజీవాళ్ళు ముప్ఫై ఆరేళ్ళ టెక్సస్ మనిషిని తెచ్చారు. ముందు వరస కుర్రాళ్ళకి నేర్పే పని మాత్రం వెర్లిన్‌కే ఉంచారు. ఆగస్టులో మొదటి రోజునే టిల్లరీ చెప్పాడు: పాత మాటలు, పాత సైగలు ఇక లేవు. మైదానం మీద పాత మాట ఒక్కటి వినపడితే, అన్నవాడికి అదే ఆఖరి రోజు. వెర్లిన్ తలూపాడు.

"చెప్పకపోతే కొడుకు ఆట పోతుంది," అంది ఆర్లిస్. "మూడేళ్ళు బెంచి మీద కూర్చుని కూర్చుని ఈ ఏడు దొరికింది వాడికి. ఇంటి మైదానం మీద ఇదే ఆఖరి ఆట. ఆఖరి ఏడాది కుర్రాళ్ళు అమ్మానాన్నల్ని చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి తీసుకొచ్చే రోజు. నువ్వూ నేనూ వాడి పక్కన నడిచి వెళ్ళి, వాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టి రావాలా?"

"వాడే వద్దన్నాడు."

"ఎప్పుడన్నాడు? మీరిద్దరూ మాట్లాడుకోనే లేదుగా!"

"అనలేదు. చూశాడు. వద్దన్నట్టు."

ఆర్లిస్ లేచి నిలబడింది. బకెట్టు దొర్లిపోయింది.

"చూశాడట! చూపులతో మాట్లాడుకుంటారు మహానుభావులు! ఇంట్లో నోళ్ళు నాలుగున్నాయి, పనిచేసేవి రెండే. అందులో ఒకటి మీ అమ్మది. విను వెర్లిన్. మాంసం బల్ల మీదికి వచ్చేలోపు నువ్వు చెప్పావా సరే. లేదంటే నేను చెప్తా. గ్రేవీ వడ్డిస్తూ చెప్తా."

*

మేడ మెట్లు ఎక్కుతుంటేనే ఆమెకి ఆయాసం వచ్చింది. వయసుది కాదు.

నెల్స్ మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు వంక చూస్తున్నాడు. పాదాలు మంచం దాటి ఉన్నాయి.

"నువ్వు చూడకపోతే కప్పేమీ కూలదులే, లే," అంది. "కోచ్ భోజనానికి వస్తున్నాడు. మొహం కడుక్కో."

"నేను రాను."

"నువ్వూ రావు, మీ నాన్నా రాడు. నేనూ మీ నాయనమ్మా ఆయన్ని కూర్చోబెట్టుకుని వాతావరణం గురించి మాట్లాడాలి. అంతేనా?"

నెల్స్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మీ నాన్న అరిచాడని నాకు తెలుసు."

నెల్స్ లేచి కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి ఎంత త్వరగా లేచాడంటే మంచం కిర్రుమంది.

"ఎవరికన్నా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకమ్మా."

"ఎందుకు చెప్పకూడదు? నువ్వెందుకు నెత్తినేసుకోవాలి?"

"బంతి ఇచ్చింది నేను. నాన్న చేతులు కాదు ఇచ్చింది."

"లాయరులా మాట్లాడకు."

నెల్స్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కిందికి చూశాడు. అచ్చం తండ్రి చూపు. చూస్తుంటే కొట్టాలనిపించింది ఆమెకి.

"నాకు మూడాటలు మిగిలాయి," అన్నాడు. "ఆడినా ఆడకపోయినా నవంబరుతో అయిపోతాయి. ఆ తర్వాత నేనేదో పని చూసుకుంటాను. నాన్నకి ఆ వరస తప్ప ఏముంది? చేను తాతది. ఇల్లు తాతది. అదొక్కటే నాన్నది."

"మరి నీదేది?"

"నువ్వు గనక చెప్పావంటే శనివారం నేను మైదానానికే రాను. మీ ఇద్దరే నడవండి."

ఆర్లిస్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మొగుడు చెప్తే పని పోతుంది, కొడుకు చెప్పడు, తను చెప్తే కొడుకు రాడు. తన కడుపున పుట్టినవాడికి తన నోరు ఒక పిసరన్నా వచ్చుంటే ఈ గొడవ నిన్న మూడింటికే తేలిపోయేది.

"ఏం మనుషులురా మీరు," అంది. "చొక్కా మార్చుకో. ఆ నీలం చొక్కా."

*

టిల్లరీ పన్నెండున్నరకి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. ఈ చలికి ఏ మాత్రం సరిపోని పల్చటి కోటు, చేతిలో సీసా.

"మా అమ్మ పెట్టిన మిరపకాయల ఊరగాయ," అన్నాడు. "జాగ్రత్తండోయ్, కాస్త ఘాటు."

"ఘాటంటే ఏంటో చూద్దాం," అని థోరా అక్కడే మూత తీయించి ఒక కాయ నోట్లో వేసుకుంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి కారాయి. మొహంలో ఏ నరమూ కదల్లేదు. "పర్వాలేదు," అంది కాసేపటికి, గొంతు పెగిలాక. ఆ వైపువాళ్ళ నోట అది మహా మెచ్చుకోలు. టిల్లరీకి ఆ సంగతి తెలీక కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

వెర్లిన్ వచ్చాడు. చెంప మీద గ్రీజు పోయింది గాని చెవి వెనక మిగిలింది. నెల్స్ దిగాడు. నీలం చొక్కానే. ఇద్దరూ బల్లకి చెరో చివర కూర్చుని ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డారు.

థోరా నార్వే మాటల్లో ప్రార్థన చెప్పింది. మాంసం వచ్చింది, దుంపల గుజ్జు వచ్చింది, వెన్నలో వేయించిన క్యారెట్లు వచ్చాయి, రొట్టెలు వచ్చాయి. ఆర్లిస్ గ్రేవీ గిన్నె చేత్తో పట్టుకుని మొగుడి వంక చూసింది. వెర్లిన్ రొట్టెకి వెన్న రాస్తున్నాడు. అంచుల దాకా, మూలల దాకా, గోడకి సున్నం వేసినంత శ్రద్ధగా.

"మీ ఆటలన్నిటికీ మీ ఊళ్ళ పేర్లెందుకు నాయనా?" అంది థోరా. "మావాళ్ళకి మా పక్క జిల్లా ఊళ్ళే సరిగా తెలీవు."

టిల్లరీ నవ్వాడు. మొదటిసారి అలిసిపోయిన మనిషిలా కనిపించాడు. "మా నాన్న లారీ తోలేవాడు బామ్మగారూ. ఆ ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటూ నిద్రపోయేవాణ్ణి. నాకు మర్చిపోలేని పేర్లు అవే. అందరికీ అలాగే ఉంటాయనుకున్నాను." చాకు, ఫోర్కు పళ్ళెం అంచున పెట్టాడు. "తప్పనుకుంటాను. ఏడింట్లో ఐదు పోయాక ఏది తప్పు కాదో చెప్పలేకుండా ఉన్నాను."

థోరా రొట్టెల పళ్ళెం ఆయన వైపు జరిపింది.

"వెర్లిన్ గారూ, భోజనం మధ్యలో ఆట గురించి ఎత్తకూడదని తెలుసు. కానీ అడగడానికే వచ్చాను. పొద్దున నిన్నటి ఆట తీసిన ఫిల్ము మళ్ళీ వేసుకుని చూశాను, పన్నెండుసార్లు. అందులో శబ్దం లేదు, ఒట్టి బొమ్మే. మీవాడు తడబడి ఇచ్చినట్టు లేదండీ. చేతిలో వణుకు లేదు. ఎవరో ఇమ్మంటే ఇచ్చినట్టుంది. అలా ఇచ్చినవాణ్ణి పొరపాటన్నాడని కూర్చోబెట్టడం నాకు మింగుడు పడటం లేదు. మీరు ఇరవై రెండేళ్ళుగా సెంటర్లని చూస్తున్నారు. శనివారం వీణ్ణి ఆడించమంటారా, కూర్చోబెట్టమంటారా? మీరేమంటే అది."

వెర్లిన్ చేతిలో చాకు ఆగింది.

నెల్స్ తల్లి వంక చూశాడు. వద్దన్నట్టు. ఆ చూపు అంత స్పష్టంగా చదవగలిగినందుకు ఆర్లిస్‌కి తన మీద తనకే చిరాకేసింది. గ్రేవీ గిన్నె బల్ల మీద పెట్టింది. నోరు తెరిచింది.

"నేనే అన్నాను," అన్నాడు వెర్లిన్.

"ఏమని?"

"గేటు అని."

టిల్లరీకి అర్థం కాలేదు. ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు.

"పాత మాట," అన్నాడు వెర్లిన్. "సందు కనపడితే అనేది. వెంటనే బంతి ఇచ్చెయ్యమని. నేను అరిచాను. వాడు ఇచ్చాడు. నిన్న చెప్పలేదు. చెప్పాల్సింది."

"నాన్నా," అన్నాడు నెల్స్.

"నువ్వుండు."

టిల్లరీ చేత్తో మొహం రుద్దుకున్నాడు.

"ఆగస్టులో నేనేమన్నానో..."

"గుర్తుంది," అన్నాడు వెర్లిన్.

ఆర్లిస్‌కి గుండె మీంచి బస్తా దించినట్టయింది. పని పోతే పోయింది, చేలో పని ఎక్కడికి పోతుంది. కనీసం పిల్లవాడు నిలబడ్డాడు.

"చూశారుగా కోచ్ గారూ," అంది. "ఇందులో నెల్స్ తప్పేమీ లేదు. శనివారం వాణ్ణి ఆడించొచ్చుగా."

టిల్లరీ ఆమెకి జవాబు చెప్పలేదు. నెల్స్ వైపు తిరిగాడు. కోపంగా కాదు. కోపంగా తిరిగినా బాగుండేది.

"నెల్స్, నేనిచ్చింది అమరిల్లో అని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు సర్."

"కదలకూడదని తెలుసు."

"తెలుసు సర్."

"వచ్చే శనివారం మీ నాన్న బెంచి దగ్గరున్నా, జనంలో మూడో వరసలో ఉన్నా, ఆయనకి గొంతుంటుంది. ఆ మాట దానంతటదే వస్తుంది. నేనొకటి అన్నాను, ఆయనొకటి అన్నారు. నువ్వెవరిది వింటావు?"

మీదే సర్, అను. ఆర్లిస్ బల్ల కింద రెండు చేతులూ బిగించింది. రెండు ముక్కలు. అనెయ్యరా. పుట్టినప్పటి నుంచీ పదిమాటల్లో తొమ్మిది మింగేసినవాడివి, ఈ ఒక్క నిజం కూడా మింగెయ్.

నెల్స్ ఆలోచించాడు. తొందరపడలేదు. తండ్రి వైపు చూడలేదు.

"మా నాన్నది సర్," అన్నాడు.

"ఎన్నిసార్లు అడిగినా?"

"అబద్ధం చెప్పమంటారా?"

టిల్లరీ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు," అన్నాడు.

అంతే. అంతకుమించి ఏమీ అనలేదు. పోయింది తండ్రి పనా, కొడుకు శనివారమా, రెండూనా, ఏదీ కాదా, ఆయన మొహంలో ఏమీ తెలీలేదు. ఆర్లిస్ అడుగుదామనుకుంది. అడిగితే ఈ మనుషుల్లో ఎవడో ఒకడు నిజం చెప్పేస్తాడని భయం వేసింది.

వెర్లిన్ పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు, వెన్న రాసిన రొట్టె చేతిలోనే ఉంది. చెవి వెనక గ్రీజు పక్కన చర్మం ఎర్రగా కందిపోయింది. అది సిగ్గో, మరొకటో, ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన ఆవిడకి కూడా బోధపడలేదు.

టిల్లరీ ఫోర్కు అందుకున్నాడు. మాంసం ముక్క కోశాడు, నోట్లో పెట్టుకున్నాడు. అది చూసి నెల్స్ తీసుకున్నాడు. తర్వాత వెర్లిన్. థోరా క్యారెట్లు చిన్నగా నలుపుకుంటోంది. ఆర్లిస్ గ్రేవీ గిన్నె ఎత్తి ఎడమ పక్కకి అందించింది. అది చేతి నుంచి చేతికి బల్లంతా తిరిగింది. తండ్రి చేతి నుంచి కోచ్ చేతికి, కోచ్ చేతి నుంచి కొడుకు చేతికి. చల్లారిపోతున్న భోజనం అయిదుగురూ తలలు వంచుకుని తిన్నారు.